వెయ్యి నూట నలభై మీటర్లు

కైరో, ఇంబాబా
9 అక్టోబర్ 2022, ఆదివారం

నగాత్ అక్కా,

మేం క్షేమంగా చేరాం. ఆ మాట ఫోన్లో చెప్పావుగా అంటావు. ఫోన్లో చెప్పింది మా అత్తగారికి, ఆవిడ చుట్టూ కూర్చున్న వాళ్ళకి, స్పీకరు మోత విని గోడ మీంచి తల పెట్టిన పక్కింటావిడకి. ఆ ఫోన్లో "బాగున్నాం" తప్ప ఇంకేం చెప్పగలను? నీతో చెప్పుకోవలసినవి కాగితం మీద పెడుతున్నాను. ఫర్హాన్ మామ మైక్రోబస్సు వారానికి మూడుసార్లు మన మల్లవీ వైపు వస్తుంది కదా, నీ చేతిలోనే పెడతానని ఒట్టేశాడు. కాగితం మీద టీ మరకలుంటే ఆయన్ననుకో, నన్ను కాదు.

గది మూడో అంతస్తులో. సుందుస్‌ను ఎత్తుకుని దిగుతాను, కింద కూరగాయల కొట్టు గుమ్మంలో కూర్చోబెడతాను, మళ్ళీ పైకెళ్ళి చక్రాల కుర్చీ దింపుతాను. కొట్టతను రోజూ ఒకటే పాట. "ఉమ్మ్ సుందుస్, సుందుస్ తల్లీ, నువ్వు ఆలస్యంగా దిగావంటే పిల్లని టమాటాలతో కలిపి తూచేస్తా, తర్వాత నన్నడక్కు." అది పకపకా నవ్వుతుంది. దానికి తొమ్మిదేళ్ళు వచ్చాయి. ఇరవై మూడు కిలోలుంది. నా నడుము ఇంకా పనిచేస్తోంది.

ఇక ఆసుపత్రిలో పిల్లని నడిపిస్తుందన్న ఆ రోబో. అది మనం అనుకున్నట్టు ఇనుప మనిషి కాదు. పై నుంచి వేలాడే పట్టీలు పిల్లని నడుము దగ్గర పట్టి పైకి లేపుతాయి. తొడలకీ పిక్కలకీ రెండు ఇనుప కాళ్ళు కడతారు. కింద నేల వెనక్కి జరుగుతూ ఉంటుంది. ఇనుప కాళ్ళు అడుగులు వేస్తాయి, వాటితోపాటు పిల్ల కాళ్ళూ వేస్తాయి. ఎదురుగా తెర మీద ఒక తోట, అందులో ఒక బొమ్మ పిల్ల నారింజలు ఏరుకుంటూ పోతుంది. సుందుస్ తనంతట తాను కాలికి బలం పెడితే బొమ్మ పిల్ల జోరుగా పోతుంది. పెట్టకపోతే చతికిలబడుతుంది.

డాక్టరమ్మ పేరు మాహితాబ్. చిన్న వయసే, గొంతు మాత్రం బడి పంతులమ్మది. వారానికి మూడు రోజులు, పన్నెండు వారాలు అంది. కట్టడానికి ఇరవై నిమిషాలు, నడక అరగంట, విప్పడానికి పది.

మొదటి రోజు పిల్ల కాళ్ళు కదలగానే నా పక్కనున్న తల్లి ఒకావిడ బావురుమంది. నేను బెంచీ మీద చూస్తూ కూర్చున్నాను. "నీ పిల్లేనా అమ్మా, నువ్వేంటి ఏడవవు?" అని నిలదీసింది. నాకేమీ అనిపించలేదక్కా. గదిలో నానబెట్టిన ఫూల్ చిక్కుడు గింజలు పులిసిపోతాయేమోనని ఆలోచిస్తున్నాను. మనసు ఎక్కడో పెట్టి మరిచిపోయిన గొడుగులాగా ఉంది. ఉంటే ఉంటుంది, వాన పడ్డప్పుడు వెతుక్కోవచ్చు.

డాక్టరమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. అది తర్వాత రాస్తాను. ఈ ఉత్తరం ఎవరికీ చదివి వినిపించకు.

నీ ఇన్సాఫ్


మల్లవీ దగ్గర ఊరి నుంచి
16 అక్టోబర్ 2022

నా కళ్ళ వెలుగు ఇన్సాఫ్‌కి, నా చిట్టి సుందుస్‌కి, చెరకు తోటల్లో ఎన్ని ఆకులున్నాయో అన్ని ముద్దులు. మీ బావ హమ్దీ అడిగాడు, నీ మొగుడు గాబిర్ అడిగాడు, మీ అత్తగారు అడిగింది, మన గేదె కూడా అడిగినట్టే మొహం పెట్టింది. (నవ్వకు. నీ ఉత్తరాలు తంతి లాగా ఉంటాయి, ఎవరో ఒకరు నిండుగా రాయాలి కదా.)

ఉత్తరం ఎవరికీ చదవలేదు, ఒట్టు. కానీ ఏం జరిగిందో విను. ఫర్హాన్ మామ మీ అత్తగారి వాకిట్లోనే నాకు కవరిచ్చాడు, ఆయన బుద్ధి అంతే. అక్కడ గాబిర్ ఉన్నాడు, మీ అత్తగారు రొట్టెలు ఎండకి పెడుతోంది. కవరు చింపితే లోపల్నుంచి ఒక చీటీ జారి కింద పడింది. గాబిర్ తీసి చదివాడు. యంత్రం అచ్చు వేసిన చీటీ. సుందుస్ గాబిర్, తేదీ, "నడిచిన దూరం: 1140 మీటర్లు."

వాడు చీటీని వెలుగుకి పట్టుకున్నాడు. మళ్ళీ చదివాడు. మీ అత్తగారు పిండి చేతులతోనే నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో వేసే జగరూత కూత ఎత్తుకుంది, ఆ గొంతుకి ఆరిళ్ళ వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా, పెళ్ళా?" "పెళ్ళి కాదే పిచ్చిదానా, నా మనవరాలు నడిచింది!"

మీ బావ మీటరుకో అంగ చొప్పున లెక్కపెట్టుకుంటూ నడిచి చూసొచ్చాడు. మీ ఇంటి నుంచి కాలవ వంతెన దాకా, అక్కడి నుంచి పిండి మర దాకా వెయ్యి నూట నలభై. "అంత దూరం నేను నడిస్తేనే ఆయాసం వచ్చింది" అన్నాడు. మీ అత్తగారు ఆ చీటీకి అద్దం కట్టించి హాల్లో వేలాడదీసింది. ఆవిడకి ఒకటే బెంగ. "ఆ రోబో మగా ఆడా? పరాయి మగాడు పిల్ల కాళ్ళు పట్టుకోవడమేంటి?" నేను ఆడదేనని చెప్పేశాను. తప్పా?

ఇన్సాఫ్, నువ్వు నాకు చెప్పకుండా ఎలా దాచావే?

నీ నగాత్


కైరో
30 అక్టోబర్ 2022

అక్కా,

ఆ చీటీ నేను పంపలేదు. రోజూ ఒకటి వస్తుంది, ఇంటికి తెచ్చి పిల్లకి బొమ్మలకిస్తాను. నీకోసం ఒకదాని వెనక గాడిద బొమ్మ గీసి కవర్లో పెట్టింది. అద్దం విప్పి వెనక చూడండి.

వెయ్యి నూట నలభై మీటర్లు నడిచింది యంత్రం. సుందుస్ దానికి కట్టి ఉంది. కొంత బలం అది పెట్టింది, నిజమే. డాక్టరమ్మ దాన్ని కూడా కొలుస్తుంది. కానీ పట్టీలు విప్పితే సుందుస్ ఎప్పటి సుందుసే. చేత్తో పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాలి.

సుందుస్ నడవడం లేదు అక్కా. ఇంట్లో వాళ్ళకి చెప్పు. నేను ఫోన్లో చెప్పాను, మా అత్తగారు "ఊఁ ఊఁ, తెలుసులే" అని నవ్వింది. ఎందుకు నవ్విందో అర్థం కాలేదు. గాబిర్‌తో చెబుదామంటే ఆవిడ ఫోన్ వదలదు.

ఇక్కడ చలి మొదలైంది. కొట్టతను సుందుస్‌కి పిడికెడు ముల్లంగి ఆకులిచ్చాడు, "నడకకి బలం" అన్నాడు. ఇక్కడా అదే మాట.

ఒక్కటి మాత్రం రాయాలనిపిస్తోంది. మొన్న బూట్లు తుడుస్తుంటే కుడి కాలి బూటు ముందు భాగం అరిగి ఉంది. అడుగు వేసేటప్పుడు దాని బొటనవేలు నేలకి రాసుకుంటుంది, అందుకని. పుట్టినప్పటి నుంచీ దాని చెప్పులన్నీ చిన్నవై పోయాయే తప్ప ఒక్క జతా అరగలేదు. పట్టుకుని కాసేపు చూశాను. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను, రాలేదు. తుడిచి పక్కన పెట్టాను.

నీ ఇన్సాఫ్


ఊరి నుంచి
13 నవంబర్ 2022

నా తెలివైన చెల్లికి, దాని బంగారు పిల్లకి, మెంతికూరంత పచ్చగా నిండు దీవెనలు.

నువ్వు గట్టిదానివే. "సుందుస్ నడవడం లేదు అక్కా, ఇంట్లో వాళ్ళకి చెప్పు" అని ఎంత పొందికగా రాశావు! చదివి వినిపించాను. మీ అత్తగారు తల ఊపింది. "నా కోడలు తెలివైనది. ఊరి కళ్ళు పడకుండా దాస్తోంది. నేను కూడా గాబిర్ పుట్టినప్పుడు నలభై రోజులు ఆడపిల్లని చెప్పుకున్నాను" అంది. గాబిర్ కూడా అర్థమైందన్నట్టు కళ్ళు తుడుచుకున్నాడు. నువ్వు ఎంత గట్టిగా కాదంటే వాళ్ళు అంత గట్టిగా నమ్ముతున్నారు. దిష్టికి విరుగుడుగా చీటీ అద్దానికి నీలిపూస కూడా కట్టారు. (గాడిద బొమ్మ చూశాం. చాలా బాగుంది, మీ బావ పోలికలున్నాయి.)

మీరు వచ్చే రోజు ఊరంతా వంతెన దగ్గర నిలబడుతుందట. సుందుస్ బస్సు దిగి అక్కడి నుంచి ఇంటి దాకా నడుస్తుంది, దారి పొడుగునా ఎర్ర షర్బత్. డప్పుల వాళ్ళకి మీ బావ మాటిచ్చేశాడు.

ఇప్పుడు నా సంగతి చెబుతాను. అయిదేళ్ళుగా గొంతులో పెట్టుకున్నది. పిల్ల నడిచింది కాబట్టి చెప్పగలుగుతున్నాను.

సుందుస్‌కి నాలుగేళ్ళప్పుడు నువ్వు టైఫాయిడ్‌తో మిన్యా ఆసుపత్రిలో పడుకున్నావు, పిల్ల నా దగ్గరుంది. అంతకు ముందు నేను ఎన్నిసార్లు అడిగినా నువ్వు "నా పిల్లకి కాళ్ళు కట్టనివ్వను" అని నన్ను తరిమావు. నువ్వు లేవు కదా అని ఆ శుక్రవారం తీసుకెళ్ళాను. ఖర్జూరపు నార తాడుతో రెండు కాళ్ళూ కలిపి కట్టి మసీదు గుమ్మం ముందు కూర్చోబెట్టాను. నమాజు ముగించి మొదట బయటికొచ్చినవాడు తాడు కోయాలి, కోస్తే కాళ్ళ బంధం తెగుతుంది, పిల్ల నడుస్తుంది. మన అమ్మ నన్నూ అలాగే కూర్చోబెట్టిందట.

మొదట వచ్చింది మఖ్లూఫ్ తాత, చెరకు తూచే ఆయన. ఆయన దగ్గర కత్తి లేదు. వంగి, గోళ్ళతో ముడి విప్పేశాడు. కోయలేదు ఇన్సాఫ్, విప్పేశాడు. కత్తెర నా సంచిలోనే ఉంది. "తాతా, ఇదిగో, కోయి" అనడానికి సిగ్గుతో నోరు రాలేదు. వెనక మగవాళ్ళందరూ వచ్చేశారు. పిల్లని ఎత్తుకుని వచ్చేశాను.

అప్పటి నుంచి అది నడవని ప్రతి రోజూ నాదే అనుకున్నాను. దాని కుర్చీ నెట్టినప్పుడల్లా సంచిలో ఆ కత్తెర బరువు తెలుస్తుంది. ఆ చీటీ చూసిన రోజు ఒళ్ళంతా తేలికైంది. నన్ను తిట్టు, ఎంతైనా తిట్టు. ఇప్పుడు తిట్లు తగలవు.

నీ నగాత్


కైరో
27 నవంబర్ 2022

అక్కా,

ఈ ఉత్తరంలో దిష్టి లేదు, తెలివి లేదు. నాలుగుసార్లు చదువు.

డాక్టరమ్మ మొదటి రోజు చెప్పిన మాట ఇది. "ఉమ్మ్ సుందుస్, ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. మీ పాప సొంతంగా నడవడం మన లెక్కలో లేదు. కాళ్ళు బిగుసుకుపోకుండా చూద్దాం, పట్టుకుని కాసేపు నిలబడే బలం వస్తుందేమో చూద్దాం. వస్తే అదే పెద్ద గెలుపు." నేను "సరే" అన్నాను. ఆవిడ బల్ల మీద చక్కెర గిన్నె ఉంది, దాని మూత సరిగ్గా పెట్టాను. ఈ మాట రాయడానికి నాకు ఏడు వారాలు పట్టింది. తప్పు చీటీది కాదు, నాది. రాస్తే నిజమవుతుందని రాయలేదు.

తాడు సంగతి. కోపం రావాలి. రెండు రోజులు ఎదురు చూశాను, రాలేదు. అది చూసి నాకే భయమేసింది. పిల్ల మెదడుకి పుట్టేటప్పుడే దెబ్బ తగిలింది, నువ్వూ ఆ గదిలోనే ఉన్నావు, గంటసేపు ఏడవలేదు కదా అది. తాడు కోసినా విప్పినా అది మారదు. ఈ మాట నేను నీకు ఏనాడో చెప్పి ఉండాల్సింది. నీ సంచిలో ఏముందో నాకేం తెలుసు?

నీ ఉత్తరం నేను పైకి చదివాను. గదిలో ఒంటరిగా ఉండి ఉండి అలవాటైపోయింది. సుందుస్ మంచం మీద ఉందని మరిచిపోయాను. చదివి తల ఎత్తితే అది నావైపే చూస్తోంది. "నేను చెబుతా, రాయి" అంది. అది చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"పెద్దమ్మా, నాకు గుర్తుంది. నువ్వు కట్టిన తాడు గుచ్చుకుంది, నేను ఏడుస్తుంటే 'అయిపోతుంది అయిపోతుంది' అన్నావు. తాత వచ్చి కింద కూర్చున్నాడు. ఆయన చేతులు బెల్లం వాసన వచ్చాయి. 'ఎవరే ఈ పిచ్చిపని చేసింది, పిల్లకి నొప్పి కదా' అని విప్పాడు. తర్వాత కాళ్ళు రుద్దాడు. లాగలేదు. అందరూ నా కాళ్ళు లాగుతారు, ఆయన లాగలేదు. ఇక్కడ రోబోలో కూడా నాకు ఇష్టమైంది నారింజలు కాదు. అయిపోయాక డాక్టరమ్మ పట్టీలు ఒక్కొక్కటీ విప్పుతుంది చూడు, అది. కోస్తే మళ్ళీ ఎలా కడతారు? నీకు ఏమీ తెలీదు."

అంతే చెప్పింది. తర్వాత ఆకలేస్తోందంది. కొషరీ పప్పన్నం తెచ్చాను, మొత్తం తినేసింది.

ఇంకొకటి. గురువారం కమ్మీ పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ చేతులు దగ్గరగా పెట్టింది కానీ తాకలేదు. నలభై మూడు సెకన్లు. ఇంటికొచ్చాక మంచం కోడు పట్టుకుని మళ్ళీ నిలబడింది, నేను దాని పైజమా పైకి ఎక్కించాను. తొమ్మిదేళ్ళలో మొదటిసారి పిల్లని పడుకోబెట్టకుండా, ఒళ్ళో వేసుకోకుండా బట్ట కట్టాను. పొడుగ్గా ఉందక్కా. నా భుజం దాకా వస్తుంది. నా పిల్ల ఎత్తు ఎంతో నాకు తెలీదు, ఎప్పుడూ పడుకోబెట్టే కొలిచాను.

వంతెన దగ్గర ఎవరూ నిలబడకుండా చూడు. దాన్ని ఆ మొహాల ముందు దించలేను.

నీ ఇన్సాఫ్


ఊరి నుంచి
11 డిసెంబర్ 2022

ఇన్సాఫ్, సుందుస్,

ఈసారి ఆకులూ పువ్వులూ లేవు, నేరుగా రాస్తున్నాను.

నాలుగుసార్లు చదవమన్నావు, ఏడుసార్లు చదివాను. ఏడోసారి తర్వాత వెళ్ళి గేదెకి మేత వేశాను. నాకూ ఏమీ అనిపించలేదు. నువ్వు ఎలా ఉంటున్నావో అప్పుడు తెలిసింది.

మీ అత్తగారికి చెప్పాను. మొదట నమ్మలేదు. "దిష్టి..." అని మొదలెట్టింది. సుందుస్ చెప్పిన ముక్క చదివి వినిపించాను. కూర్చుండిపోయింది. తర్వాత లేచి అద్దం కిందికి దింపింది. చించేస్తుందనుకున్నాను. తిప్పి, గాడిద బొమ్మ పైకి వచ్చేలా మళ్ళీ తగిలించింది. "ఇది నా మనవరాలు చేసింది, ఇదే ఉంటుంది" అంది. గాబిర్ బయటికెళ్ళాడు. సాయంత్రం చూస్తే గుమ్మం ముందు రెండు మెట్లు పగలగొట్టి, సిమెంటుతో ఏటవాలుగా చేస్తున్నాడు. కుర్చీ ఎక్కడానికట. తొమ్మిదేళ్ళుగా ఎందుకు చేయలేదురా అని నోటిదాకా వచ్చింది. "నడుస్తుందిలే అనుకున్నాను వదినా" అని వాడే అన్నాడు.

ఊరికి చెప్పడం నా పని అనుకున్నాను. శుక్రవారం నమాజయ్యాక ఆ గుమ్మం దగ్గరే నిలబడి చెప్పాను. పిల్ల నడవదు, అది చీటీ తప్పు, పిల్లకి తాడు కట్టింది నేను అని. ఒకడు "మరి డప్పుల వాళ్ళకి ఏం చెప్పాలి?" అన్నాడు. మఖ్లూఫ్ తాత పోయి ఏడాదైంది కదా, ఆయన కొడుకు ముందుకొచ్చి, "పిల్ల వస్తోంది కదా, నడవకపోతే రాకూడదా? మేం నిలబడతాం" అన్నాడు. నేను వద్దన్నాను. వినేలా లేరు. మన ఊరు నీకు తెలుసు, షర్బత్ కలుపుతామన్నాక కలుపుతుంది.

ఇప్పుడు నన్నేం చేయమంటావు? కత్తెర వంటింటి సొరుగులో పెట్టేశాను. నేను వంతెన దగ్గరికి రావాలో వద్దో సుందుస్‌ను అడుగు. వద్దంటే ఇంట్లోనే ఉంటాను.

నగాత్


కైరో
25 డిసెంబర్ 2022

అక్కా,

శుక్రవారం, ముప్పయ్యో తేదీ, ఫర్హాన్ మామ బస్సులోనే వస్తున్నాం. నమాజు వేళకి వంతెన దగ్గరుంటాం.

సుందుస్‌ను అడిగాను. జనం సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. "ఎంతమంది?" అని అడిగింది. "ఊరంతా" అన్నాను. "అయితే నేను నిలబడతా. వాళ్ళని సెకన్లు లెక్కపెట్టమను, గట్టిగా. నలభై మూడు దాటితే డప్పులు కొట్టాలి, దాటకపోయినా కొట్టాలి" అంది. ఎవరి పోలికో, నాది కాదు.

అందుకని ఇలా చేయండి. వంతెన పిట్టగోడ దగ్గర గాబిర్ నిలబడాలి. కుర్చీ ఆ గోడకి ఆనేలా ఆపుతాను, గోడ మీది ఇనుప కమ్మీ దాని చేతికి అందాలి. గాబిర్ చేతులు దగ్గరగా పెట్టాలి, తాకకూడదు. అది చాలా కష్టం, ముందే చెప్పు వాడికి. మా అత్తగారు దాని పక్కకి రాకుండా ఎవరైనా కొంగు పట్టుకోండి.

నువ్వు రావాలట. నీ పని వేరే ఉందట. కుర్చీకి పాదాల దగ్గర రెండు పట్టీలుంటాయి, దారిలో కాళ్ళు జారకుండా నేను బిగించి తెస్తాను. అవి విప్పనిదే అది నిలబడలేదు. ఆ పట్టీలు నువ్వే విప్పాలి. నేను కాదు, వాళ్ళ నాన్న కాదు, పెద్దమ్మే. కింద కూర్చుని, మెల్లగా, ముందు ఎడమది. లాగకూడదట. విప్పాక పాదాలు కాసేపు రుద్దాలట.

ఈ మాటలు రాస్తున్నప్పుడు వచ్చిందక్కా. మూడు నెలలుగా నేను ఎదురు చూసింది. మొదటి కాగితం తడిసిపోయి పాడైంది, ఇది రెండోది. అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. ఈ మరకలు ఫర్హాన్ మామవి కావు.

కత్తెర సొరుగులోనే ఉంచు. కొత్తిమీర కోసుకోవడానికి పనికొస్తుంది.

ఇన్సాఫ్